బానెట్ మీద దొరికిన ప్రోటీను

2003లో నన్ను హైదరాబాదులోని ఒక పరిశోధనశాల నుంచి బాన్సువాడ దవాఖానకు శిబిరం బాధ్యురాలిగా వేశారు. హోదా సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్. చేసేది రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి హైదరాబాదు బస్సెక్కించడం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టిచ్చే ప్రోటీను ఏదైనా రక్తంలో ఉందా అని మా వెతుకులాట. నగరంలో రోగుల దగ్గర తీసిన రక్తాన్నీ, బాన్సువాడలో ఆరోగ్యవంతుల దగ్గర తీసిన రక్తాన్నీ ప్రోటీన్ల బరువు తూచే యంత్రంలో పెట్టి పోల్చాలి.

తేడా దొరికింది! యంత్రం గీసిన పటంలో బాన్సువాడ రక్తాలకు ఒక గీత నిటారుగా లేచింది, రోగుల రక్తాల్లో దాని జాడే లేదు. గీత ఉంటే ఆరోగ్యమేనని డైరెక్టరుగారు తేల్చేశారు. ఇక ఆడవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి చేసే పాత పరీక్షతో పనిలేదన్నారు. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

అంతలో బీర్కూర్ భూమవ్వ వచ్చింది. తానూ ఆరోగ్యవంతురాలినేనని రక్తమిచ్చి వెళ్లిన మనిషి. ముట్లు ఆగి పదేళ్లయినా మళ్లీ ఎరుపు కనిపిస్తోందని అప్పుడు నా చెవిలో చెప్పింది. బల్ల ఎక్కమంటే ససేమిరా అంది.

“మిషినే మంచిగున్నవన్నదట గదా బిడ్డా! ఇగ గా సిగ్గుమాలిన బల్ల నాకెందుకు?”

ఫోన్ చేస్తే డైరెక్టరుగారిదీ అదే మాట. గీత ఉందిగా, వదిలెయ్యమన్నారు. నాకు ఒళ్లు మండింది. ముఖాముఖి తేల్చుకుందామని ఆ రోజు రక్తం డబ్బాతో పాటు నేనూ బస్సెక్కాను.

కండక్టరు డబ్బా అందుకుని భక్తిగా డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద పెట్టాడు. ఆ బానెట్ మీదే డ్రైవరు తడి తువ్వాలు ఆరేసుకున్నాడు. ఇదేంటన్నా అని అరిచాను.

“దవాఖాన డబ్బా గదా మేడం, ఎనక పెడితే కాళ్లు తగుల్తయి. మొదట్నుంచి గిదే జాగ. ఫికర్ జెయ్యకుండ్రి.”

నగరం చేరేసరికి డబ్బాలో ఐసు లేదు, గోరువెచ్చని నీళ్లున్నాయి.

మర్నాడు నా రక్తమే రెండు గొట్టాల్లో తీయించాను. ఒకటి నగరంలోని రోగుల రక్తంలాగే నేరుగా యంత్రంలోకి వెళ్లింది. రెండోదాన్ని అదే బస్సులో, అదే మర్యాదతో బాన్సువాడ తిప్పి తెప్పించాను. మొదటిదాంట్లో గీత లేదు, అంటే డైరెక్టరుగారి లెక్కన నేను రోగిని. బస్సెక్కి వచ్చిన రక్తంలో మాత్రం భేషుగ్గా ఉన్నాను. ఆ గీత ఆరోగ్యానిది కాదు, దారిలో వేడికి చితికిన ప్రోటీన్లది.

“మనం కనిపెట్టింది బస్సును సార్” అని డైరెక్టరుగారితో అన్నాను.

తిరిగి వెళ్లి భూమవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. “ఇంత సదివి గిదేనా మీ తెలివి!” అని కడుపారా తిట్టి బల్లెక్కింది. పరీక్షలో క్యాన్సరే తేలింది, అయితే ఇంకా ముదరలేదు. ఆపరేషన్ చేశారు, బతికింది.

రెండు రక్తాలను పోల్చేముందు రెండూ ఒకే తీరుగా వచ్చాయా అని చూడాలి. మేము చూడలేదు. బానెట్ వేడిని చూసి భూమవ్వను ఇంటికి పంపేయబోయాం.