జాంబియా కోచ్‌ని నేనడిగిన ప్రశ్న

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు మేముండే కాపెల్ ఊళ్ళో ఒక గర్ల్స్ సాకర్ టీమ్‌లో చేర్పించాం. కోచ్‌ది జాంబియా. అరవై దాటిన మనిషి. పగలు ఫార్మసీలో ఉద్యోగం, సాయంత్రం పిల్లలకి ఆట నేర్పడం. మొదటి నెలంతా ఎవర్నీ గోల్ వైపు కొట్టనివ్వలేదు. పాస్ చెయ్యి, మళ్ళీ పాస్ చెయ్యి, అంతే. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయాం.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో గొణుగుడు మొదలైంది. దాన్ని బయటపెట్టింది నేనే. నాలుగో మ్యాచ్ అయ్యాక, పిల్లలు నీళ్ళు తాగుతుంటే, అందరికీ వినపడేలా అడిగాను.

"కోచ్, మీ దేశం ఎప్పుడైనా వరల్డ్ కప్ ఆడిందా?"

జవాబు నాకు తెలుసు. ఫోన్‌లో చూసుకునే అడిగాను.

"లేదు మ్యామ్. ఒక్కసారి కూడా ఆడలేదు" అన్నారాయన. పక్కనున్న ఇద్దరు నాన్నలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికెళ్ళగానే లీగ్ వాళ్ళకి మెయిల్ కొట్టాను, ఈయనకి అనుభవం చాలదు, కోచ్‌ని మార్చండని. ఇంకో ఆరుగురు పేర్లు కలిపారు. అన్నిటికంటే పైన నా పేరే.

తర్వాతి ప్రాక్టీస్‌లో మా అమ్మాయి ఆయన్ని అడిగింది. "మీ దేశం ఎందుకు ఆడలేదు కోచ్?" దాని గొంతులో వెక్కిరింపేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆయన పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టారు. నేను పక్కనే మడతకుర్చీలో ఉన్నాను.

"మాది రాగి గనుల దేశం. మా టీమ్‌ని రాగి తూటాలంటారు. నేను వయసులో ఉన్నప్పుడు గొప్ప జట్టుండేది. ఒలింపిక్స్‌లో ఇటలీనే నాలుగు గోల్స్‌తో ఓడించింది. ఈసారి వరల్డ్ కప్‌కి వెళ్తాం అనుకున్నాం. క్వాలిఫయింగ్ మ్యాచ్‌కని మిలిటరీ విమానంలో సెనెగల్ బయల్దేరారు. దారిలో గాబన్‌లో ఆగి ఇంధనం పోయించుకున్నారు. మళ్ళీ లేచిన కాసేపటికే విమానం సముద్రంలో పడిపోయింది."

"అందరూ పోయారా?" అంది ఒక పిల్ల.

"అందులో ఉన్నవాళ్ళందరూ. కెప్టెన్ అప్పుడు యూరప్‌లో ఆడేవాడు. వేరుగా రావాల్సి ఉంది కాబట్టి బతికాడు. శవపేటికలు లుసాకా స్టేడియానికొచ్చిన రోజు ఆ జనంలో నేనూ ఉన్నాను. తర్వాత ఆ కెప్టెన్ కొత్తవాళ్ళతో కలిసి ఆడాడు. చివరి మ్యాచ్ డ్రా అయితే చాలు, వెళ్ళేవాళ్ళం. ఒక్క గోల్‌తో పోయింది."

చాలా ఏళ్ళకి ఆఫ్రికా కప్ ఫైనల్ అదే గాబన్‌లో జరిగిందనీ, తమ ఆటగాళ్ళు ముందు ఆ సముద్రం ఒడ్డుకెళ్ళి పూలు పెట్టి, తర్వాత పెనాల్టీల్లో గెలిచారనీ చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు తలెత్తాలనిపించలేదు.

మెయిల్ వెనక్కి తీసుకోడానికి రెండు లైన్లు చాలు. మొదలుపెట్టాను కూడా. మిగతా ఆరుగురికీ ఏం చెప్పుకోను అనిపించి డిలీట్ చేశాను.

రెండు వారాల్లో కోచ్‌ని మార్చారు. చివరి రోజు మా అమ్మాయి తను గీసిన కార్డు ఆయన చేతికిచ్చింది. ఆయన నా దగ్గరికొచ్చి, "మా టీమ్ గురించి ఇక్కడ నన్నెవరూ అడగలేదు మ్యామ్. మీరడిగారు. థ్యాంక్స్" అన్నారు. నేను కూడా థ్యాంక్స్ అన్నాను.

నెల తర్వాత ధైర్యం చేసి ఫోన్ చేశాను. "ఆ మెయిల్ రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. నాకు చూపించారు."

ఆయన థ్యాంక్స్ చెప్పింది అంతా తెలిసే. సారీ అన్నాను. "సరే మ్యామ్" అన్నారు. క్షమించానని అనలేదు. మా అమ్మాయికి ఎడమ కాలు బావుంది, ఆట మాన్పించొద్దని మాత్రం చెప్పారు.

ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మంలో మా అమ్మాయి. అంతా వినేసింది.

"నేను ఆయనకి కార్డ్ ఇస్తుంటే నువ్వు ఫొటో తీశావు అమ్మా" అంది.

ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ చూపించలేదు.