గంపలో గడ్డి

నువ్వులూ బెల్లమూ కూరి డింబేశ్వరి బియ్యప్పిండి పిఠాలు చుట్టిందంటే, వందోది కూడా మొదటిదానికి కవలపిల్లలా ఉంటుంది. పెళ్లయి కపిలి నది ఒడ్డుకు వచ్చిన ఏడాది నుంచీ ప్రతి మాఘంలో జోన్‌బీల్ సంతకు గంపెడు పిఠాలు, ఎండుచేపలు మోసుకుపోతోంది. పదిహేడేళ్లుగా అవి కొండ దిగి వచ్చే కారెంగ్‌కే. బదులుగా కారెంగ్ పసుపు, అల్లం, చేమదుంపలు ఇస్తుంది.

ఆ సంతలో డబ్బు మాట ఎవరూ ఎత్తరు. తక్కెడ తెచ్చినవాణ్ణి పిచ్చివాడిలా చూస్తారు. ఎదుటివాళ్ల గంపా మన గంపా చూసుకుని, ఇంకో గుప్పెడు పైన వేసి "పోనీలే" అనుకోవడమే పద్ధతి. కొండవాళ్లు పల్లపువాళ్లను మామా, అత్తా అంటారు. ఆ వరసలు ఎవరు కలిపారని ఎవరూ అడగరు.

ఈ ఏడు కపిలి పొంగి వరిచేను పది రోజులు నీళ్లలో నానింది. ఎండుచేపలకు బూజు పట్టింది. విత్తనానికి దాచిన పసుపు కుళ్లిపోయింది. ఇంట్లో మిగిలిన బియ్యంతో ముప్పై పిఠాలయ్యాయి, అంతే. ముప్పై పిఠాలకు గంపెడు పసుపు ఎవరిస్తారు? ఇచ్చినా అది దానమవుతుంది. డింబేశ్వరి ఇన్నేళ్లలో ఎవరి ముందూ చేయి చాచలేదు. చాచకూడదనే పట్టుదలతో ఒక తెలివితక్కువ పని చేసింది. గంప అడుగున గడ్డి కుక్కి, పైన పిఠాలు పేర్చింది.

"వచ్చావా అత్తా! నీ పిఠాల కోసం నిన్నటి నుంచి కడుపు మాడ్చుకుంటున్నా" అంది కారెంగ్, పసుపు గంప ముందుకు తోస్తూ.

"చాల్లే, ఆ బుగ్గలు చూస్తే తెలుస్తోంది ఎంత మాడ్చావో."

కారెంగ్ నవ్వుతూ పిఠాల గంప ఎత్తబోయి, అది తేలిగ్గా లేచేసరికి వెనక్కి తూలింది. చేయి లోపలికి పెట్టింది. గుప్పెడు గడ్డి బయటికొచ్చింది.

"ఈసారి ఆవులకు కూడా వండిందిరోయ్!" అని పక్క గంపల దగ్గర ఎవరో అరిచారు. అందరూ నవ్వారు, కారెంగ్ తప్ప. ఆమె తన గంపను నెమ్మదిగా వెనక్కి లాక్కుంది.

"ఇన్నేళ్లలో నా గంప ఎప్పుడైనా తవ్వి చూశావా అత్తా?"

"లేదు."

"నేనూ చూడలేదు. ఇకనుంచి చూడాలా?"

డింబేశ్వరి తల దించుకునే వరద సంగతి చెప్పింది.

"చేను పోతే పోయింది, ఆ ముక్క చెప్పడానికి నోరు కూడా కొట్టుకుపోయిందా?"

"చెబితే జాలిపడి ఇస్తావని..."

"నీ మీద జాలా? నా బుగ్గల్ని ఆడిపోసుకునేదాని మీదా?" కారెంగ్ ఒక పిఠా కొరికి, పూర్తిగా నమిలింది. "మా ఇంట్లో బియ్యం నిండుగా ఉంది. నువ్వులూ ఉన్నాయి. లేనిదల్లా చుట్టే చేయి. మేం చుడితే సగం పెనం మీదే విరుగుతాయి. ఈ ముప్పై తీసుకుంటా. మిగతావి మా ఇంటికొచ్చి చుట్టు."

"కొండెక్కా? నేనా?"

"పోనీ, పసుపు నేనే తిరిగి మోసుకుపోనా?"

డింబేశ్వరి గడ్డి దులిపేసి, పసుపు గంప తన వైపు లాక్కుంది.

సంత ముగిసిన రోజున పసుపు ఇంటికి చేర్చి, ఆమె కొండవాళ్ల వెంట బయల్దేరింది. పుట్టి బుద్ధెరిగాక చెరువుగట్టు కంటే ఎత్తయినది ఎక్కలేదు. కొంత దూరానికే బండ మీద కూలబడింది.

"ఇంకెంత దూరమే?"

"ఇప్పుడేగా మొదలుపెట్టాం. త్వరగా రా అత్తా, కబురు ముందే వెళ్లింది, నాలుగిళ్లవాళ్లు బియ్యం నానబోశారు."

"నాలుగిళ్లా! ఒక్క గంప పసుపుకా?"

"మిగతా మూడిళ్లవాళ్లు ఊరికే తింటారనుకున్నావా? ఒకరు అల్లం, ఒకరు మిరపకాయలు, ఒకరు గుమ్మడికాయలు."

"అవన్నీ కొండ దించేదెవరు, నీ మొగుడా?"

"అడిగి చూడు, ఒప్పుకుంటాడేమో!"

బియ్యం ఎక్కువ నానితే పిండి పులుస్తుంది. డింబేశ్వరి మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది.