పోలండ్ పిల్ల అతికిన పోగులు

ఈ పొద్దు పొయ్యిలో బూడిద తీస్తుంటే చూపుడువేలికి మెత్తగా అంటుకుంది. కడుక్కోబుద్ధి కాలేదు. ఆ మెత్తదనం తగిలితే చాలు, మా అత్త రంగమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నడింట్లో మగ్గం, దాని చుట్టూ మేము. నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చి పనంతా అత్త దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి మా చీరలు కొనే బెంగళూరు అంగడివాళ్లు పంపితే, మార్తా అనే అమ్మాయి పోలండ్ దేశం నుంచి వచ్చింది. నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని, "మీ దేశం చూడాలి" అంది. మా ఇంట్లో ఏం చూపించాలి? ఇరుకిల్లు, ఎక్కడ చూసినా తెగిన దారాలు. పక్కింటి నుంచి కుర్చీ తెచ్చాను, బ్రెడ్డు కొన్నాను, పెనుకొండ కోటకు కారు మాట్లాడమని మా ఆయన వెంటపడ్డాను.

అత్త నవ్వింది. "కోట యాడికి పోతాది లేవే? రాజులు పోయినా అది ఆడే ఉండాది. ఈ పొద్దు అచ్చు అతకాల. పాపా, ఈడ కూచో."

ఒక పడుగు నేయడం అయిపోయినా మేము మగ్గాన్ని ఖాళీ చేయము. పాత పోగుల కొసలు అట్లే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతాము; అచ్చు అతకడమంటే ఇదే. వేలికి బూడిద అద్దుకుంటేనే పట్టు జారదు. వేల పోగులు. ఒకటీ అరా తెగితే ముడి వేసుకోవచ్చు, వరసగా తెగితే పని మళ్లీ మొదటికొస్తుంది. అది ఒక పెండ్లికూతురి ముహూర్తం చీర. వేళకు అందకపోతే మా ఇంటి మాట పోతుంది. అట్లాంటి పడుగులో ఒక పక్క సగం నాకిచ్చి, రెండో సగం ఆ పిల్ల చేతికిచ్చింది మా అత్త!

మధ్యాహ్నం సంగటి పెడితే మార్తా నమిలి నమిలి అలిసిపోయింది. "మింగు పాపా, సంగటికి పండ్లతో పని లేదు" అంది అత్త. ఆ పిల్ల మింగి, నవ్వి, ఇంకో ముద్ద అడిగింది. నా బ్రెడ్డు అట్లే ఉండిపోయింది.

సాయంత్రం అత్త చెవిలో అడిగాను. "అత్తా, ఆమె అతికినవి నేను మళ్లీ ఒకసారి మెలిపెడతా."

"చేయి పెట్టొద్దు. ఇంటికొచ్చిన మనిషిని పనిలో కూచోబెట్టి, ఎనకాల దాన్ని చెరిపేస్తారా? అదేం మర్యాదే?"

మూడో రోజు అతుకులన్నీ మగ్గానికి దువ్వెనలా ఉండే పన్నెలోంచి ముందుకు లాగాము. మార్తా కళ్లు మూసుకుంది. టప్పున నాలుగు పోగులు తెగాయి. అవి మార్తావే అనుకున్నాను. అత్త వంగి చూసి పకపకా నవ్వింది.

"ఏమే హిందూపురందానా! ఇవి నీ పక్కవే గదే! పోలండ్ పోగులు నిలిచినాయి, ఇంటి కోడలివి తెగినాయి!"

మూడు రోజులూ నేను ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాను మరి. తలవంచుకుని ముడులు వేశాను. చీర వేళకు దిగింది. "దీంట్లో పోలండ్ చెయ్యి ఉండాది" అని అత్త వీధంతా చెప్పుకుంది.

చివరి రోజు మార్తా పెనుకొండ కోట ఎక్కి వచ్చింది. ఎట్లుందని అడిగితే, బాగుందని చెప్పి, బూడిద ఇంకిన చూపుడువేలు చూపించింది. "ఇది కడగను. మా అమ్మకు చూపాల."

అత్త ఇప్పుడు లేదు. దేశం చూడాలని ఎవరొచ్చినా నేను కుర్చీ కోసం పరుగెత్తను. బూడిద గిన్నె ముందు పెట్టి, "ఈడ కూచోండి" అంటాను. తర్వాత వాళ్ల వేళ్ల వైపు చూడను. నా పోగు నేను మెలిపెట్టుకుంటాను.