షీల్డ్ గెలిచిన చేతిలో చెంచా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. శ్రీరాంపూర్ వైపు ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు ముందుగా వచ్చే గదిలో, స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పొద్దున పదిన్నరకు బొగ్గుబాయి కార్మికుడు రాజమల్లు తన కూతురు స్వప్నను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్ల. ఇంట్లో ఫిట్స్ వచ్చాయట. నోటినిండా రక్తం, గొంతులో గురగుర, పిడికిట్లో తాళంచెవుల గుత్తి. ముందు పన్ను సగం విరిగిపోయింది. ఆ ముక్క ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఊపిరిగొట్టంలోకి జారితే పిల్ల దక్కదు.

వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టాను. దీన్నే రికవరీ పొజిషన్ అంటాం. నోట్లోవన్నీ లోపలికి పోకుండా బయటికి వస్తాయి. రక్తంతో పాటు పన్ను ముక్క జారి దుప్పటిమీద పడింది. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

"నోట్ల ఏం వెట్టిన్రు?" అనడిగాను.

"చెంచా, సిస్టర్. నేనే వెట్టిన. నాలిక కొరుక్కుంటదని" అన్నాడు రాజమల్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలల కింద బాయి మీద జరిగిన ఫస్ట్ ఎయిడ్ పోటీల్లో షీల్డ్ గెలిచిన జట్టుకు కెప్టెన్ ఈయనే. మార్కులు వేసింది నేనే. ఆ రోజు ఫిట్స్ వస్తే ఏం చేయాలని అడిగితే, "పక్కకు తిప్పాలె, నోట్ల ఏం వెట్టద్దు, గడియారం చూడాలె, అయిదు నిమిషాలు దాటితే దవాఖానకు వోవాలె" అని గడగడా అప్పజెప్పాడు.

ఇంతలో పిల్లకు మళ్లీ ఫిట్స్. డాక్టర్ ఇంజెక్షన్ ఇస్తుండగానే వెంట వచ్చిన పిల్ల నాయనమ్మ "తాళాలు వడిపోయినయ్, వెట్టుండ్రి!" అని అరిచింది. మా సెక్యూరిటీ గార్డు తన బండి తాళం తీసి అందించాడు! మా ఆస్పత్రి మనిషే! మెదడులో విద్యుత్తు గాడి తప్పితే వచ్చేవి ఫిట్స్. ఎక్కువసార్లు వాటంతటవే ఆగుతాయి. కోడి కూయకపోయినా తెల్లారుతుంది, ఆపిన పేరు మాత్రం చేతిలో పెట్టిన తాళాలకు.

పిల్ల కుదుటపడ్డాక రాజమల్లును దులిపేశాను. "షీల్డ్ గెలిచినవ్ గదన్నా! గంత మంచిగ చెప్పినవ్, ఇయ్యాల ఏమైంది?"

"గా పోటీల వడ్డది మా జట్టు సదన్న, సిస్టర్. ఉత్తుత్తిగ వడ్డడు, లేచి చాయ్ తాగిండు. ఇయ్యాల వడ్డది నా బిడ్డ. అందరు లొల్లివెట్టి ఒర్రవట్టిరి. నాకేం యాదికి రాలే."

అప్పజెప్పిన పాఠానికి మార్కులు వేసి మురిసిపోయిన నామీదే చిరాకేసింది. చదువు నోట్లో ఉంటే చాలదు, గోల మధ్య చేతికి రావాలి. ఇప్పుడు నా క్లాసుల్లో ఒకరు ఫిట్స్ వచ్చినట్టు పడతారు, ఒకరు సాయం చేస్తారు, మిగతావాళ్లంతా ఏడ్చి అరిచి తాళాలు తేవాలి. ఇంట్లో పెద్దవాళ్లనూ పిలుస్తాను.

మూడు నెలలకు స్వప్న మాత్రల కోసం వచ్చింది. సగం పన్నుతోనే నవ్వింది.

"ఒక్కపారి మల్ల వచ్చినయ్, సిస్టర్. బాపు నన్ను పక్కకు తిప్పి, తాళాలు తెచ్చిన బాపమ్మ చేతులు గట్టిగ వట్టుకున్నడట."

"మరి గడియారం ఎవరు చూసిండ్రు?"

"బాపుకు కండ్లనిండ నీళ్లొచ్చి ముల్లు కనవడలేదట. నోటితోనే ఒకటి, రెండు అని లెక్కవెట్టిండట. నూట డెబ్బైకి ఆగినయట."