మరిగే జావలో మందు

బనాస్‌కాంఠా జిల్లాలో ఆ ఏడు వానలు ముందే దిగాయి. నెల తిరగకుండానే ఊళ్లో ఏడు గేదె దూడలు పారుడు పట్టి చనిపోయాయి. పాల సంఘం తరఫున పశువుల బాగోగులు చూసే కంకుబెన్ చౌధరికి ఇంటింటా తిట్లే.

దూడల పారుడు కట్టడానికని ఆమె పంచిన పొడిలో, పెరుగులో ఉండేవాటిలాంటి మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. అవి పేగుల్లో చేరి, చెడ్డవాటికి చోటివ్వవు. డెయిరీ శిక్షణలో నేర్చుకున్న ఈ మాటను కంకుబెన్ మూడు నెలలుగా గడపగడపకూ చెప్పింది. దూడలు మాత్రం పారుతూనే ఉన్నాయి.

"నీ పొడి గోడకు పూయడానికైనా పనికొస్తుందా?" అంది పానీబా, తన పెయ్యదూడ తోక కడుగుతూ. ఊళ్లో అందరికన్నా ఎక్కువ గేదెలున్న ముసలావిడ; అందరూ 'బా' అని, అంటే అమ్మా అని, పిలుస్తారు. ఆవిడ ఏం చేస్తే వీధంతా అదే చేస్తుంది.

"రోజూ వేస్తున్నారా బా?"

"ఎందుకెయ్యను? తేజూ, చూపించవే."

కోడలు తేజు పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న సజ్జ జావలో పొడి కుమ్మరించి, గరిటెతో గిరగిరా తిప్పింది.

కంకుబెన్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, మరిగే పాలల్లో తోడు వేస్తే పెరుగవుతుందా తేజూ? అవి ప్రాణమున్నవి! చల్లారాక కలపాలి."

"చల్లారిన జావ నా దూడ ముట్టదు," అంది పానీబా. "నలభై ఏళ్లుగా దూడల్ని సాకుతున్నాను. పుస్తకం చదివొచ్చి నాకు చెప్తావా, కంకూ?"

తర్వాత పదకొండు ఇళ్లు తిరిగితే తొమ్మిదింట్లో అదే తంతు. చెప్పీ చెప్పీ కంకుబెన్ గొంతు బొంగురుపోయింది. అందరూ తలూపారు. మర్నాడు మళ్లీ ఉడికే కుండలోనే వేశారు. చల్లారేదాకా కాచుకుని కూర్చునే తీరిక ఏ కోడలికుంది? పాలు పితకాలి, పచ్చిగడ్డి కోసుకురావాలి.

పాల సంఘాల పర్యవేక్షకుడు వీరంభాయ్ ఊరి సంఘం ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే అందుకున్నాడు. "మీ ఊళ్లోనే ఎందుకిలా, కంకుబెన్? ఇళ్లకు వెళ్తున్నారా, లేదా?"

ఆమె జావ సంగతి చెప్పింది. అతను నవ్వేశాడు. "ఓ, దానికైతే వేరే రకముంది. అందులో జీవుల్ని ముందే వేడితో చంపేస్తారు. చచ్చినా వాటి సారం పేగుకు మేలు చేస్తుంది. మరిగినా ఏం కాదు. దాణా మిల్లుకు అదే పంపుతున్నాం."

కంకుబెన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు ముందే తెలుసా? మూడు నెలలు నేను ఊరందరితో మాటలు పడుతుంటే, ఒక్క ముక్క చెప్పలేకపోయారా భాయ్?"

"మీరు అడగలేదుగా."

"ఉందని తెలిస్తేగా అడగడానికి!"

ఆ పొడి ఊళ్లకు ఇచ్చే పద్ధతి లేదన్నాడతను. అయితే తను ఇక్కణ్ణుంచి కదిలే పద్ధతి కూడా లేదంటూ ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మధ్యాహ్నానికి అతను మిల్లుకు ఫోను చేశాడు. నాలుగో రోజున ఇరవై పొట్లాలొచ్చాయి.

అప్పటికే పానీబా పొడి పేరెత్తితే కసురుతోంది. దూడ లేవలేక ఒక పక్కకి ఒరిగిపోయింది. కంకుబెన్ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టించింది. ఆవిడతో వాదించి లాభం లేదని, పొట్లం చూపించి తేజుతో చెప్పింది: "మీ అత్త మాటే కానియ్. వేడి జావలోనే వెయ్యి."

"ఈసారి తిట్టవా?" అంది తేజు.

"తిట్టే ఓపిక లేదమ్మా."

కొత్త పొడి మొదలెట్టిన ఆరో రోజున పేడ గట్టిపడింది. ఎనిమిదో రోజున దూడ తల్లి పొదుగును కుమ్ముతూ పాలు తాగింది. కంకుబెన్ ఆ ఇంటికి వెళ్లేసరికి పానీబా చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"చూశావా కంకూ," అంది పానీబా, దూడ వీపు నిమురుతూ. "జావ బాగా మరగబెట్టి పోస్తే ఏ పారుడైనా కట్టేస్తుంది. చల్లార్చి పొయ్యమన్నావు నువ్వు!"

తేజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కంకుబెన్ సంచిలోంచి నాలుగు పొట్లాలు తీసి ఆ నలుగురి చేతుల్లో తలొకటి పెట్టింది.

"బా చెప్పినట్టే మరగబెట్టండి," అంది పళ్ల బిగువున. "మరిగేటప్పుడు మాత్రం ఇది వెయ్యడం మర్చిపోకండి."