ఇంటికి తీస్కపోండ్రి

ఉదయం ఆరు గంటలకు కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికే నేను కోపంగా ఉన్నాను. ఆ కోపం ముందు రోజుది. క్యాన్సర్ రోగులను చూసే డాక్టర్లకు దయ నేర్పడానికి ఒక హోటల్ హాలులో రెండు రోజుల శిక్షణ పెట్టారు. పత్రికల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు. శిక్షకుడు తెర మీద నవ్వుముఖం బొమ్మ వేసి, "రోగి లోపలికి రాగానే మూడు క్షణాలు ఇలా నవ్వండి" అన్నాడు. ముందు వరసలో డాక్టర్ వసంత కళ్ళు తెరుచుకునే నిద్రపోతోంది.

ఆమె పనిచేసే ఆసుపత్రి పేరు రాయను. క్యాన్సర్ విభాగంలో నలుగురి పని ఆమె ఒక్కతే చేస్తుంది. మిగతా మూడు గదుల తలుపుల మీద పేర్ల పలకలు ఉన్నాయి, లోపల మనుషులు లేరు. ఆ మూడు కుర్చీల సంగతి శిక్షణలో ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, అది నేటి అంశం కాదన్నారు. టీ విరామంలో వసంత నా దగ్గరికి వచ్చి, "రేపు నేను ఈడికి రాను సార్. గుడిహత్నూర్ దిక్కు ఒక పేషెంటు ఇంటికి పోతున్న. మీరొస్తరా?" అంది. వస్తానన్నాను.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కు కండక్టర్ వచ్చి ఆధార్ అడిగితే, సంచీ వెతికి ఆసుపత్రి గుర్తింపు కార్డు చూపించింది.

"గిది నడ్వదమ్మా. జీరో టికెట్‌కు ఆధారే కావాలె," అన్నాడతను. కార్డు తిప్పి చూసి, "డాక్టరమ్మవా? కారుల పోక గీ బస్సుల ఎందుకు పరేషాన్?" అన్నాడు.

"కారుల పోతే నేనే నడపాలె. బస్సుల నిద్రొస్తది."

ఆధార్ దొరికింది. జగిత్యాల దాకా ఆమె నిద్రపోయింది. మెట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు దిగి టీ తాగాం. ఈ దారిన వచ్చేవాళ్ళు ఇక్కడే ఇంత తినడం మంచిది. తర్వాత నిర్మల్ దాకా బస్సు ఎక్కువసేపు ఎక్కడా ఆగదు. రెండు ఇడ్లీలు తిన్నాక ఆమె పోశన్న సంగతి చెప్పింది.

పోశన్నకు పెద్దపేగులో క్యాన్సర్. మూడు వారాలకోసారి వచ్చి మందు ఎక్కించుకుని పోతాడు. మందు బాగా పనిచేస్తోంది. పోయినసారి రిపోర్టు చూసి వసంత అతని భార్య రాజవ్వతో ఒక మాట అంది: "ఇగ ఇంటికి తీస్కపోండ్రి."

మా వైపు ఆసుపత్రిలో ఆ మాటకు ఒకటే అర్థం. ఇక చేసేదేమీ లేదు, మనిషి ఇంట్లో చచ్చిపోనీ అని. బతికే రోగికి చెప్పే మాట వేరే ఉంది: "పోయి రాండ్రి." హుజూరాబాద్‌లో పుట్టిన వసంతకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఆ దినం పొద్దటి నుంచి పేషెంట్లను చూస్తనే ఉన్న సార్. అన్నం తినలే. లైను బయటి దాక ఉన్నది. తల గూడ ఎత్తలే, నోట్లకెళ్ళి గా మాటొచ్చింది. రాజవ్వ ఏడ్సుకుంట పోయింది."

"ఎందుకు ఏడుస్తోందని అనుమానం రాలేదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆడ అందరు ఏడ్సేటోళ్ళే కద సార్. ఏడుపు ఇనుడు బందైంది నాకు."

తర్వాతి మందు రోజుకు పోశన్న రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్ని రోజులకు పైఅధికారికి ఒక ఫిర్యాదు వచ్చింది: డాక్టరమ్మ మా బావ చస్తాడని రాయి లెక్క మొహం పెట్టి చెప్పింది అని. అది విన్నాకనే ఆమెకు జరిగింది అర్థమైంది. "ఏం మాటన్నవని ఎవ్వలు అడగలే. మొఖం ఎట్ల పెట్టినవని అడిగిర్రు. మెమో ఇచ్చి, నవ్వుడు నేర్సుకోమని హోటల్‌కు తోలిర్రు." పోశన్నను వెనక్కి పిలిచే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే బస్సులో సగం మంది చేతులు జోడించారు. నిర్మల్ తర్వాత ఘాటు మలుపుల్లో టేకు చెట్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. మామూలు రోజైతే ఆ అందం గురించి ఒక పేరా రాసేవాణ్ణి.

పదకొండున్నరకు గుడిహత్నూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. పత్తి, సోయా చేల మధ్య అరగంట దారి. పోశన్న ఇల్లు అడగనక్కర్లేకపోయింది. ఇంటి ముందు కిరాయి కుర్చీలు వేసి ఉన్నాయి, వాటి నిండా చుట్టాలు. కడసూపుకు వచ్చినవాళ్ళు. లోపల కోడికూర వాసన.

వసంతను చూసి రాజవ్వ గడపలోనే నిలబడిపోయింది. "ఎందుకొచ్చినవ్ డాక్టరమ్మా? ఇంక పాణం పోలే."

"పోవద్దనే వచ్చిన."

పోశన్న మంచంలో దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సన్నబడ్డాడు గానీ కళ్ళలో కళ ఉంది. "రాండ్రి మేడం. నా సావుకు అందరొచ్చిర్రు, నేనే ఇంక రాలే," అన్నాడు. "ఎవ్వలు చెప్పలే నాకు. దినాం కోడి కోస్తుండ్రు. పదేండ్ల సంది మాట్లాడని మా అన్న వచ్చి పక్కన కూసున్నడు. గప్పుడు సమజైంది."

ఫిర్యాదు చేసింది అతని బామ్మర్ది గంగాధర్. చావుకని దుబాయి నుంచి సెలవు పెట్టి వచ్చాడు. "గీయన తన ఛుట్టీ లెక్కపెడ్తుండు మేడం. అది అయిపోయేలోపు నేను పోవాలెనట," అని పోశన్న అంటే బయటి కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. గంగాధర్ నవ్వలేదు. "తప్పయిందని ఇప్పుడొచ్చి చెప్తే అయితదా మేడం? మందు తప్పిపాయె. మనిషికి ఏమన్నయితే ఎవ్వలు జిమ్మేదారు?"

వసంత మంచం పక్కన నేల మీద కూర్చుంది. మొహంలో నవ్వు లేదు. "తప్పు నాదే. అలిసిపోయిన, నోరు జారింది. మందు ఆగినందుకు ఎంత నష్టమైందో పరీక్ష చేస్తెనే తెలుస్తది, గిప్పుడు ఏం కాలేదని అబద్ధం చెప్ప. కని గీయన సచ్చిపోయే మనిషి కాదు. నేను గట్ల అనలే, గట్ల అనుకోలే." తర్వాత పోశన్న పొట్ట నొక్కి చూసింది, నాలుక చూసింది. ఈ రోజే తనతో బయల్దేరమంది.

రాజవ్వ తల అడ్డంగా ఊపింది. "నమ్మి తోల్కస్త. మల్ల లైను ఎక్కువుందని మల్ల గదే మాటంటవ్. గప్పుడు నేనేం గావాలె?"

రేపటి లైను ఎంత పొడుగుంటుందో వసంతకు తెలుసు.

"నేను పోత," అన్నాడు పోశన్న. "ఈడ్నే ఉంటె వీళ్ళు తినవెట్టి తినవెట్టి సంపుతరు."

రాజవ్వ వసంత వైపు తిరిగి, "ఒక్కటే. తల ఎత్తి మాట్లాడాలె," అంది.

"ఎత్తుత అవ్వా."

మాకు జొన్నరొట్టె, కోడికూర పెట్టారు. చావు కోసం కోసిన కోడి రుచిగానే ఉంది. గంగాధర్ ఆటో తెచ్చాడు. పోశన్న వాళ్ళ అన్న కిరాయి కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు.

మూడు దాటాక గుడిహత్నూర్‌లో కరీంనగర్ బస్సు దొరికింది. పోశన్న కిటికీ పక్కన, రాజవ్వ అతని భుజానికి ఆసరాగా, వెనక సీట్లో మేమిద్దరం. నిర్మల్‌లో కాల్చిన మక్కకంకులు కొంటే, వద్దన్నా పోశన్న సగం లాక్కున్నాడు. ఆర్మూర్ దగ్గర వసంత ఫోన్ మోగింది. శిక్షణకు ఎందుకు రాలేదని పైఅధికారి అడుగుతున్నాడు. గొంతు నాకు కూడా వినబడుతోంది. "బస్సుల ఉన్న సార్... పేషెంటుతోని... అట్లనే సార్, రాసిస్త." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఇంకో మెమో అట. దయ మీద ఒక రోజు పాఠం తప్పించుకున్నందుకు.

ఆ క్షణంలో ఆ ఫోన్ నా చేతిలో ఉంటే ఏం అనేవాణ్ణో ఇక్కడ రాయలేను. ఒక మనిషిని ఏడుపు వినబడనంత దాకా పిండి, ఆ తర్వాత నవ్వలేదని శిక్ష వేసేవాళ్ళకు దయ అనే మాట నోటితో పలికే అర్హత లేదు. దయ ఆమె దగ్గర అయిపోలేదు. ఇంకో మెమో వస్తుందని తెలిసీ పొద్దున ఆరింటికి బస్సెక్కింది. అయిపోయింది ఒంట్లో శక్తి. దాన్ని తెరమీది బొమ్మ నింపదు. ఖాళీ కుర్చీల్లో డాక్టర్లు కూర్చుంటే నిండుతుంది. ఇంత మాత్రం తెలియనివాళ్ళు కారు వాళ్ళు. తెలిసే హోటల్ హాలు అద్దెకు తీసుకున్నారు.

ఎనిమిదిన్నరకు కరీంనగర్ చేరాం. బస్సు దిగే మెట్టు మీద వసంత కాలు తడబడితే రాజవ్వ పట్టుకుంది. పోశన్నను వార్డులో చేర్చాలని వసంత ఆటో పిలిచింది. ఆటోలో సర్దుకుని కూర్చున్న పోశన్న ఆమెను, నన్ను చూశాడు.

"సారూ, మేము పోయి పండుకుంటం తియ్యి. గీమెను జర ఇంటికి తీస్కపోండ్రి."

"గా మాట అనకుమన్న," అని రాజవ్వ అతని మోకాలి మీద ఒకటి వేసింది.

వసంత నవ్వింది. రెండు రోజుల్లో ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. నవ్వుతూనే ఆటో ఎక్కి, ఆసుపత్రికి పోనిమ్మంది.