పురిటికి రాని కూతురు

మా ఆయన పోయాక పందుల ఫారం నేనే నడిపాను. తుమ్మపాల దాటాక చెరుకు పొలాల మధ్య, ఊరికి వాసన తగలనంత దూరంలో రెండు రేకుల షెడ్లు, పక్కన నేనుండే గది. అన్నీ తెల్లటి సీమపందులు. అనకాపల్లి హోటళ్లలో మిగిలిన అన్నం తెప్పించి, తవుడు కలిపి పెట్టేదాన్ని. చుట్టాలు పెళ్లిళ్లకి పిలిచేవారు గాని నా గడప తొక్కేవారు కాదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మాట్లాడాలనిపిస్తే పందులతోనే మాట్లాడేదాన్ని.

ఒక్కగానొక్క కూతుర్ని ఎస్. రాయవరంలో ఇచ్చాం. దానికి నెలలు నిండుతున్నాయని తెలిశాక నాకు కాలు నిలవలేదు. గదికి సున్నం వేయించాను. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఉతికి, పొత్తిళ్లకి చింపి మడతపెట్టాను. కాన్పయ్యాక మూడు నెలలూ ఆ గదిలో మనిషి అలికిడి ఉంటుందని ఎంత ఆశపడ్డానో.

ఆ రోజుల్లోనే ఒక తల్లిపంది నన్ను ఇనుప కమ్మీకి అదిమేసింది. మోచేతి కింద గీరుకుపోయింది. పసుపు పెట్టి ఊరుకున్నాను. అది సెగ్గడ్డయింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు మాత్రలిచ్చాడు, తర్వాత సూదులు వేశాడు. తగ్గకపోగా చెయ్యంతా వాచి, జ్వరం పట్టుకుంది. చివరికి విశాఖలో ఒక ఆసుపత్రిలో చేరాను. గడ్డ కోసి, చీమునీ, ముక్కులో తిప్పిన దూది పుల్లనీ పరీక్షకి పంపారు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజున నన్ను వేరే గదిలోకి మార్చారు. నర్సులు చేతులకి తొడుగులు వేసుకునే లోపలికి వచ్చేవారు. భోజనం స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేవారు. డాక్టరమ్మ చిన్న వయసుది. కుర్చీ లాక్కుని కూర్చుని, నేనేం పని చేస్తానో అడిగింది. చెప్పాను. పందులకి మందులేమైనా వాడతారా అంది. పందిపిల్లలకి పారుడు రోగం, అంటే విరేచనాలు, రాకుండా రోజూ తవుడులో మందు పొడి కలుపుతామని, అందరూ అదే చేస్తారని, మందుల షాపతనే ఇస్తాడని చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

"రోజూ కొంచెం కొంచెం మందు పడుతుంటే క్రిముల్లో బలహీనమైనవి చస్తాయమ్మా, మొండివి మిగులుతాయి. ఆ మొండివే పెరుగుతాయి. మీ పుండులో ఉన్నది అదే, అందుకే మామూలు మందులకి లొంగలేదు. మీ ముక్కులో కూడా ఉంది," అంది.

నా చెయ్యి సంగతి నాకు పట్టలేదు. "నా కూతురు పురిటికొత్తాదమ్మా. రావచ్చా?" అని అడిగాను.

"ఇప్పుడు వద్దు. బాలింతకి కుట్లుంటాయి, పసిబిడ్డ చర్మం లేతగా ఉంటుంది. మీకు పూర్తిగా పోయాక చూద్దాం," అంది.

ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అది మెల్లగా, "మరి నాకు నీళ్లెవరు పోత్తారమ్మా?" అంది.

నీళ్లు దాని అత్తగారే పోసింది. ఆడపిల్ల. మొదటిసారి ఫోన్లోనే చూశాను. సెలైన్‌లో ఎక్కించిన వేరే మందుతో పుండు మానింది, ముక్కులోకి పూత మందిచ్చారు. ఇంటికొచ్చాక ఆగలేక రాయవరం వెళ్లాను. వియ్యపురాలు మంచి మనిషి. గుమ్మం దగ్గర పీట వేసి, "ఏటనుకోకండొదినా, పసిగుడ్డు కదా. ఇక్కడ కూకోండి, పిల్లని నాను ఎత్తి సూపిత్తాను," అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. చూసి, కాఫీ తాగి వచ్చేశాను.

పశువుల డాక్టరు ఫారానికి వచ్చి పందుల ముక్కుల్లో దూది పుల్లలు తిప్పి తీసుకెళ్లాడు. వాటిలోనూ అదే క్రిమి దొరికింది. పొడి మానేయమన్నాడు. నేల తడి లేకుండా చూడమని, పందుల్ని కిక్కిరిసి ఉంచొద్దని, పిల్లలకి తల్లి పాలు తొందరగా మాన్పించొద్దని చెప్పాడు. అన్నీ చేశాను. మొదట్లో కొన్ని పందిపిల్లలు చచ్చిపోయాయి. తర్వాత పొడి లేకుండానే నిలదొక్కుకున్నాయి. కానీ పాత క్రిమి షెడ్లను ఒక పట్టాన వదల్లేదు. నా ముక్కు పరీక్షలో ఒకసారి క్రిమి లేదని వచ్చేది, పందుల్లో తిరిగేసరికి మళ్లీ అంటుకునేది. పనిలో ఉన్నంతకాలం ఇది ఇంతేనని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది.

పందుల్ని అమ్మేశాను. వ్యాను ఎక్కేటప్పుడు ముసలి తల్లిపంది ఒకటి వెనక్కి తిరిగి నా వైపే రావాలని చూసింది. నేను షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

పరీక్షలో క్రిమి లేదని వచ్చి, మళ్లీ చేసినా లేదనే వచ్చాక రాయవరం వెళ్లి మనవరాలిని ఎత్తుకున్నాను. అప్పటికే అది పాకుతోంది. నా మొహం చూసి, మూతి వంకర పెట్టి, గుక్కపట్టి ఏడ్చింది. నాయనమ్మ చేతుల్లోకి వెళ్లాకే ఊరుకుంది.

"కొత్త కదమ్మా. కొన్నాళ్లుండిపో, అలవాటు పడుద్ది," అంది కూతురు. ఉన్నాను. మెల్లగా పిల్ల నా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్లోకి మాత్రం రాలేదు. రమ్మని నేనూ లాగలేదు.

ఇప్పుడు నెలకోసారి వెళ్లొస్తాను. బెల్లం వ్యాపారి ఒకాయన షెడ్లు గోదాముకి ఇమ్మని అడుగుతున్నాడు. ఇస్తానని చెప్పాను. కనీసం లారీలైనా వస్తాయి, మనుషులు దిగుతారు. తాళాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పొద్దున్నే లేచి తలుపు తీస్తే చెరుకు ఆకుల చప్పుడు తప్ప ఏమీ వినబడదు.